కాలువ మొగలో పదకొండు చెట్లు

నలభై రోజుల తర్వాత పుష్కరన్ మళ్లీ చెట్టెక్కాడు. కుడికంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు అన్నాళ్లు ఎక్కొద్దన్నాడు. ఆ గడువు నిన్నటితో తీరింది, రాత్రే కూతురింటినుంచి తిరిగొచ్చాడు. చెట్టు మొదట్లో నిలబడి పాదాలకి బంధం తొడుక్కున్నాడు. నడుముకి కట్టుకున్న పెట్టెలో కల్లుగీత కత్తి, పొత్తిని కొట్టే ఎముక ఉన్నాయో లేదో రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. గుమ్మంలో కూర్చుని చేప తోముతున్న ఓమన తల ఎత్తకుండానే, "మెల్లగా" అంది.

ఎక్కడం మొదలుపెట్టాక పాదాలు తమ పని తాము చేసుకున్నాయి. చెట్టు పొడుగునా మెట్లుగా గాట్లు. అన్నీ అతను కోసినవే. ఏ గాటు ఎక్కడుందో కంటితో వెతకాల్సిన పనిలేదు. కొబ్బరిచెట్టుకి ఒకసారి గాటు పడితే అది పూడదు. కోసినవాడు పోయినా గాటు అలాగే ఉంటుంది.

పైన మట్టల మధ్య సర్దుకుని, విచ్చుకోని పూగెల పొత్తిని ఎముకతో చుట్టూ మెల్లగా కొట్టాడు. గట్టిగా కొడితే చితికిపోతుంది, తేలిగ్గా కొడితే ఊరదు. కొనని పల్చగా చెక్కాడు. బొట్టు నిలిచింది. ఇన్నాళ్లూ తన బదులు గీసినవాడు కట్టిన నిండుకుండ దించుకుని, ఖాళీకుండ తగిలించి, అప్పుడు తలెత్తి చూశాడు.

కొత్త కన్ను దూరాన్ని దగ్గరికి తెచ్చింది. కోత అయిపోయిన పొలాల్లో నీళ్లు, నీళ్ల మధ్య గట్లు, గట్టు వెంట తొమ్మిది ఇళ్లు. ఆ ఇళ్ల వెనకనుంచి కాలువ పోయి పెద్ద సరస్సులో కలుస్తుంది. కలిసేచోట, కాలువ మొగలో, ఊరి ఆసామి మాత్తుక్కుట్టి మూలపొలం ఉంది. నలభై రోజుల కిందట అక్కడ నడుములోతు నీళ్లు, జమ్ము. పుష్కరన్ కంటి ఆసుపత్రికి బయల్దేరినరోజు దగ్గరదారి అని పడవని ఆ జమ్ములోంచే తోసుకుపోయాడు.

ఇప్పుడక్కడ మిట్టనేల. మిట్ట మీద కొబ్బరిచెట్లు. మొక్కలు కావు, నలభై అడుగుల చెట్లు. లెక్కపెట్టాడు. పదకొండు. ఎడమకన్ను మూసి లెక్కపెట్టాడు. కుడికన్ను మూసి లెక్కపెట్టాడు. పాతకంటికి మసకగా, కొత్తకంటికి స్పష్టంగా, పదకొండే.

దిగి వచ్చి కల్లుకుండ గుమ్మం పక్కన పెట్టాడు.

"ఓమనా, మాత్తుక్కుట్టి మూలపొలంలో ఆ చెట్లేంటి?"

ఓమన చేపని తిప్పి రెండోవైపు తోమింది. ఆపరేషన్ తర్వాత కూతురింట్లో భర్తతో నెలరోజులు ఉండి, కోళ్లని చూసేవాళ్లు లేరని అతనికంటే పదిరోజుల ముందే తిరిగొచ్చిన మనిషి ఆమె.

"ఏ చెట్లు?"

"కొబ్బరిచెట్లు. పదకొండు."

"ఉన్నాయంటున్నారుగా అందరూ."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో ఉన్నాయంటున్నారు," అని నీళ్లు పారబోసి మోకాలు పట్టుకుని లేచింది. ముఖం చూడలేదు.

పొద్దెక్కాక పుష్కరన్ కల్లు తీసుకుని షాపుకి వెళ్లాడు. షాపు వెనక బల్ల మీద తంపి కూర్చుని కప్పదుంప, చేపలకూర తింటున్నాడు. పడవ నడిపే మనిషి. తొమ్మిదిళ్లలో మూడోది అతనిది.

"రా చేట్టా," అన్నాడు, అన్నా అని పిలిచినట్టు. "కన్ను ఎలా ఉంది?"

"బాగానే ఉంది. కాలువ మొగలో చెట్లు కనిపిస్తున్నాయి."

తంపి నమలడం ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. "ఇన్నాళ్లూ పొరకమ్మిన కంటికి కనపడలేదు. ఇప్పుడు కనపడ్డాయి. డాక్టరు మంచోడు."

"నేను ఆ నీళ్లలోంచే పడవ తోసుకుంటూ పోయాను తంపీ. నెలన్నర కూడా కాలేదు."

"ఇంకో చోటైయ్యుంటది చేట్టా. ఆపరేషన్ చేసినోళ్లకి కొన్నాళ్లు అలాగే ఉంటదంట. మా పిన్నికి ఒక దీపం రెండుగా కనపడేది. నీకు పొలం చెట్లుగా కనపడుతోంది."

కల్లు కొలుస్తున్న షాపువాడు నవ్వాడు. పుష్కరన్ నవ్వలేదు. తంపి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"చూడు చేట్టా. వరిపొలాల చట్టం వచ్చిన రెండువేల ఎనిమిదికి ముందే పూడ్చిన నేలైతే కట్టుకోడానికి అనుమతిస్తారు. తర్వాత పూడ్చిందైతే మట్టి ఎత్తి మళ్లీ పొలం చెయ్యమంటారు. మాత్తుక్కుట్టి అచ్చాయన్ అక్కడ పెళ్లిళ్ల హాలు, పడవల రేవు కడతాడు. హాలుకి రోడ్డు వేస్తాడు. ఆ రోడ్డుని మన తొమ్మిదిళ్ల దాకా పొడిగిస్తానన్నాడు. పదడుగుల రోడ్డు. అంబులెన్సు నీ వాకిట్లోకొస్తుంది."

"మొగ మూసేస్తే వాననీళ్లు ఎటు పోతాయి?"

"పైపు వేస్తాడు."

"ఎంత పైపు?"

తంపి రెండుచేతులూ చాచి చుట్టు చూపించాడు. పుష్కరన్ ఆ చుట్టువంకే చూస్తూ ఉంటే చేతులు కాస్త దగ్గరికి వచ్చాయి. ఇంకాస్త చూస్తే ఇంకాస్త వచ్చాయి. చివరికి తంపి చేతులు దించి కప్పదుంప ముక్క తీసుకున్నాడు.

మొగ తెరిచి ఉన్నప్పుడే, పెద్దవరద ఏడాది నీళ్లు పుష్కరన్ ఇంట్లో కిటికీ దాకా వచ్చాయి. దిగడానికి తొమ్మిదిరోజులు పట్టింది. మొగ మూస్తే జూన్‌లో ఎక్కిన నీళ్లు అక్టోబరు దాకా దిగవు. ఇది తంపికీ తెలుసు. కల్లుషాపులో ఎవరిని లేపి అడిగినా చెబుతారు. అయినా ఆ రోజు అడిగిన ప్రతివాళ్లూ చెట్లు ఎప్పట్నుంచో ఉన్నాయనే అన్నారు. అందరూ ఒకే మాటలతో అన్నారు. అదే పుష్కరన్‌కి నచ్చలేదు. నిజంగా చూసినవాళ్లు తలో రకంగా చెబుతారు.

*

మర్నాడు గీత పని అయ్యాక పడవ వేసుకుని కాలువ మొగకి వెళ్లాడు. గట్టుకి కొత్తగా రాళ్లు పేర్చి ఉన్నాయి. నేలమీద నల్లమట్టి పరిచి ఉంది. కాలి బొటనవేలితో గీరితే వేలెడు లోతులో ఎర్రమట్టి తగిలింది.

చెట్లు ఆరోగ్యంగా లేవు. ఒక్కోదానికి అయిదారు మట్టలే ఉన్నాయి, గెల ఒక్కటీ లేదు. కొన్నింటి నడుమున చుట్టూ నలిగినట్టు చార ఉంది, తాడు కట్టి వేలాడదీసిన చార. అయిదు చెట్లకి గీత మెట్లున్నాయి. అన్నింటికంటే లావుపాటి చెట్టు దగ్గరికి పోయి నిలబడ్డాడు. అడుగు ఎత్తున మాను మీద ఒకచోట బెరడు గీకి ఉంది. గీసే చెట్టుకి ఎక్సైజువాళ్లు వేసే నంబరుని ఎవరో చెరిపేసిన చోటు. ఆ నంబరు అడుగు ఎత్తున ఎవరూ వెయ్యరు. ఛాతీ ఎత్తున వేస్తారు. మొదటి మెట్టయితే నేలకే ఆనుకుని ఉంది. నేలకి ఆనించి ఎవడన్నా మెట్టు కోస్తాడా?

కత్తి తీసి మొదట్లో మట్టి తవ్వాడు. జానెడు లోతుకి పోగానే కత్తిమొనకి ఇసుక వచ్చింది. పంచదారలా తెల్లగా ఉంది. అరచేతిలో పోసుకుని వేలితో రుద్దాడు. ఈ కుట్టనాడు పల్లపునేలంతా వెతికినా ఇలాంటి ఇసుక చారెడు దొరకదు. ఇక్కడ ఉన్నదంతా బంకమట్టి.

"ఏం చేట్టా, నిధి దొరికిందా?"

మాత్తుక్కుట్టి వెనక నిలబడి ఉన్నాడు. తెల్లపంచె, చేతిలో ఫోను. అతని మోటారు పడవ చప్పుడు లేకుండా ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

"ఇసుక, అచ్చాయా."

"నింపుడుకి తెప్పించాను. పక్కన కాస్త పల్లంగా ఉంటే. కన్ను ఎలా ఉంది? మా అమ్మకి చేయించింది కూడా ఆ డాక్టరే."

"బాగుంది."

మాత్తుక్కుట్టి చెట్టుకి చెయ్యి ఆనించాడు. "గురువారం విలేజ్ ఆఫీసరు తనిఖీకి వస్తోంది. కొత్త మనిషి, మలబారు నుంచి. తంపి, లీలామణి, మా మేస్త్రీ సంతకాలు పెట్టారు. కానీ చెట్టు సంగతి గీసేవాడు చెబితే దానికుండే విలువ వేరు. ఇవి మీరు గీసిన చెట్లేనని ఒక్కమాట చెబితే చాలు. ఏళ్ల తరబడి ఈ చుట్టుపక్కల చెట్లన్నీ మీవేగా. ఎవరు కాదంటారు?"

"నేనే అంటానేమో."

మాత్తుక్కుట్టి గట్టిగా నవ్వి భుజం తట్టాడు. "ఓమన చేచ్చి కూడా పెట్టింది సంతకం. ఇంట్లో ఒకరు పెట్టి ఒకరు పెట్టకపోతే బాగుండదు. ఆలోచించుకోండి. తొందరేం లేదు, గురువారం దాకా."

పుష్కరన్ గుప్పిట్లో ఇసుక అలాగే ఉంది. పడవెక్కి కాలువ మధ్యకి వచ్చాక చెయ్యి విప్పాడు. చెమటకి ముద్దయింది.

ఇంటికి వచ్చేసరికి ఓమన గుమ్మంలో కాలు చాపుకుని మోకాలికి తైలం రాసుకుంటోంది.

"సంతకం పెట్టావంట."

"పెట్టాను."

"ఆ చెట్లు చూశావా?"

"ఎలా చూస్తాను? గట్టు మీద అంతదూరం నడవగలనా? అందరూ ఉన్నాయన్నారు, పెట్టాను." తైలం గిన్నె జరిపింది. "నేను పడవెక్కాలంటే ఇద్దరు ఎత్తాలి. మొన్న అమ్మాయింటినుంచి వచ్చినప్పుడు తంపి చంకల్లో చేతులు వేసి లేపాడు. రేవులో జనం చూస్తున్నారు. అరవయ్యేళ్ల మనిషిని బస్తాలాగా."

"నీళ్లు నిలిచిపోతాయి ఓమనా. ఇంట్లో నీళ్లుంటే రోడ్డు మీద కాపురం ఉంటావా?"

"నీళ్లు ఎప్పుడూ ఉన్నాయి. రోడ్డు ఎప్పుడూ లేదు." తైలం మళ్లీ అరచేతిలో పోసుకుంది. "మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేస్తున్నారని అమ్మ వాకిలంతా లాక్కున్నారు. ఇప్పుడు గుమ్మంలోంచి అడుగు బయటపెడితే లారీలే. అక్కర్లేనివాళ్లకి అంత రోడ్డు. మనకి పదడుగులు కూడా వద్దంటారు మీరు."

పుష్కరన్ అరచేతికి అంటిన ఇసుక దులిపాడు. తర్వాత, "ఆ చెట్ల మొదట్లో తెల్లఇసుక ఉంది. మీ ఊరి ఇసుకలాగా ఉంది," అన్నాడు.

మోకాలి మీద ఆమె చెయ్యి ఆగింది.

"మీ వాకిట్లో చెట్లు ఏమయ్యాయి?"

"కట్టెలకి పోయాయన్నాడు సుగతన్." సుగతన్ ఆమె తమ్ముడు. "ఇసుక ఎక్కడైనా ఇసుకే," అని మళ్లీ రాయడం మొదలుపెట్టింది. ఈసారి గట్టిగా రుద్దింది, నొప్పి ఉన్నచోటు కాదు, దానికి పైన.

ముప్పైయారేళ్ల కాపురంలో పుష్కరన్ మొదటిసారి భార్య చేతుల్ని అనుమానంగా చూశాడు. ఈమెకి తెలుసా? తెలిసే పెట్టిందా?

*

బుధవారం పుష్కరన్ లాంచీ ఎక్కి విలేజ్ ఆఫీసుకి వెళ్లాడు. రేవుకి పోయే గట్టు మీద, తొమ్మిదిళ్లలోనే ఉండే లీలామణి ఎదురైంది. రెండేళ్ల కిందట ఆమె మొగుడికి గుండెనొప్పి వస్తే పడవలో తీసుకెళ్తుండగా సరస్సు మధ్యలో పోయాడు.

"ఆఫీసుకా?"

"ఊఁ."

"చేట్టా, మా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను ఆరోజు. అవతల ఒడ్డు మీద అంబులెన్సు లైటు కనపడుతోంది. తిరుగుతోంది లైటు. అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. మీరు చెప్పేటప్పుడు ఆ లైటు కూడా చెప్పండి." అంతే అని పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

ఆఫీసు ముందు మాత్తుక్కుట్టి వెండిరంగు కారు ఆగి ఉంది. దాని డ్రైవరు, ఆఫీసు ప్యూను ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పొట్లంలోంచి అరటికాయ చిప్స్ తింటున్నారు. పుష్కరన్‌కి ఆ పొట్లం చూడగానే లోపలికి వెళ్లాలనిపించలేదు. అయినా వెళ్లాడు.

ఆఫీసరు రంసీనాకి నలభై ఏళ్లుంటాయి. తలమీద కొంగులా చున్నీ చుట్టుకుని కంప్యూటరులో ఏదో చూస్తోంది. కూర్చోమని కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"మాత్తుక్కుట్టిగారి స్థలం గురించి, మేడమ్."

"ఆ." ఒక బొమ్మ చూపించింది. ఆకాశంలోంచి తీసింది. "రెండువేల ఎనిమిదిలో ఇలా ఉంది."

పచ్చగా పొలాలు, నీలంగా సరస్సు. కాలువ మొగ దగ్గర తెల్లటి మరక.

"ఇదేంటి?"

"మబ్బు. ఆ మూల మీదే పడింది. కింద ఏముందో కనపడదు."

పుష్కరన్ ఆ మరకని చాలాసేపు చూశాడు. మాత్తుక్కుట్టి పడవల మీద చెట్లు తెప్పించాడు, మట్టి తెప్పించాడు. మబ్బుని కూడా తెప్పించగలడేమో.

"గురువారం చెట్లు చూస్తారా మేడమ్, కింద నేల చూస్తారా?"

ఆమె తల ఎత్తింది. "మీరేం చెప్పదలుచుకున్నారు చేట్టా?"

తలుపు దగ్గర ప్యూను వచ్చి నిలబడ్డాడు. వేళ్లకి అంటిన నూనె చొక్కాకి తుడుచుకుంటున్నాడు.

"ఏం లేదు," అన్నాడు పుష్కరన్.

"ఉంటే అక్కడ చెప్పండి. గదిలో చెప్పింది నేను రాయను. అందరి ముందు చెప్పింది రాస్తాను."

తప్పించుకునే మాట, అనుకున్నాడు పుష్కరన్. అందరి ముందు ఎవడు చెబుతాడని ఆమెకి తెలియదా? లాంచీలో తిరిగొస్తూ తనవైపు ఎవరు మిగిలారా అని ఒక్కొక్కరినీ లెక్కేశాడు. తంపి పోయాడు. లీలామణి పోయింది, ఆమెని తప్పుపట్టలేడు. ఆఫీసరు పోయింది. ఓమన సంగతి తేల్చుకోలేకపోయాడు.

*

గురువారం పదిగంటలకి అందరూ మిట్ట మీద చేరారు. సంతకం పెట్టినవాళ్లంతా రావాలని ఆఫీసరు కబురు పెట్టింది. ఓమనని పుష్కరన్, తంపి కలిసి ఎత్తి పడవలో కూర్చోబెట్టారు. గట్టుకి కట్టిన పడవలోనే ఆమె ఉండిపోయింది. అక్కడినుంచి ఆమెకి చెట్ల తలలు కనిపిస్తాయి, మొదళ్లు కనపడవు.

ఆఫీసరు కోసం మాత్తుక్కుట్టి మోటారు పడవ పంపించాడు. పడవ ఖాళీగా తిరిగొచ్చింది. ఆమె గట్టు మీద నడిచి వచ్చింది, చెప్పులు చేత్తో పట్టుకుని, సంచీ భుజానికి తగిలించుకుని. కాళ్లు పిక్కల దాకా బురద. పుష్కరన్ అది చూశాడు. ఇదీ ఒక నాటకమేమో అనుకున్నాడు.

ఆమె చెట్ల మధ్య తిరిగింది. పుష్కరన్ తవ్వినచోట ఆగి, వంగి మట్టి గీరి చూసింది. మాత్తుక్కుట్టి ఆమె పక్కనే నడిచాడు.

"సాక్ష్యం చెట్టు మీదే ఉంది మేడమ్. గీసిన మెట్లు చూడండి. ఇలాంటి చెట్టు పెరగాలంటే ఎన్నేళ్లు కావాలి?"

"ఎవరు గీశారు?"

"పుష్కరన్ చేట్టన్ ఉన్నారుగా."

ఆఫీసరు తిరిగి చూసింది. "ఎక్కి చూసి చెప్పగలరా? పైన గీసిన గుర్తులు ఉంటాయి కదా."

"ఆపరేషన్ అయింది మేడమ్, కన్ను ఇంకా..." అన్నాడు తంపి.

"కాళ్లకి కాలేదు," అన్నాడు పుష్కరన్.

ఆ లావుపాటి చెట్టు దగ్గరికి పోయి బంధం తొడుక్కున్నాడు. మొదటి మెట్టు నేల మీదే ఉంది, దాన్ని వదిలి రెండోదాని మీద పాదం పెట్టాడు. మూడు, నాలుగు, అయిదు. పాదం పైకి లేచి ఆరోమెట్టు కోసం వెళ్లింది. అక్కడ మెట్టు లేదు. అతను ఆలోచించకముందే కాలు ఇంకో అడుగు పైకి చాపుకుని మెట్టు అందుకుంది.

పుష్కరన్ అక్కడే ఆగిపోయాడు. చెట్టుని రెండు చేతులతో పట్టుకుని, చెంప మానుకి ఆనించాడు.

ఇరవైయారేళ్ల వయసులో ఓమన ఊళ్లో గీతకి కుదిరినప్పుడు వాళ్ల వాకిట్లో చెట్టుకి మెట్లు కోశాడు. పని మధ్యలో ఉండగా కిందనుంచి ఓమన తల్లి అరిచింది. అక్కడ కొయ్యకు అబ్బాయ్, పురుగు తొలిచింది, డొల్ల ఉంది, చెట్టు విరుగుతుంది. అక్కడ మెట్టు వదిలేశాడు. ఆరేళ్లపాటు రోజుకి మూడుసార్లు ఆ ఖాళీని దాటుకుంటూ ఎక్కాడు. చెట్టు కింద చీపురు పట్టుకుని నిలబడే పిల్లని చూడ్డానికి నాలుగోసారి కూడా ఎక్కేవాడు.

వేళ్లతో తడిమాడు. డొల్లలో అతను కూరిన తారు గట్టిపడి ఇంకా ఉంది.

మెల్లగా దిగాడు. దిగేసరికి అందరూ అతన్నే చూస్తున్నారు. పడవలోంచి ఓమన కూడా చూస్తోంది. ఆమె సంతకం ఆఫీసరు సంచీలో ఉంది. ఇప్పుడతను నోరు విప్పితే సర్కారు కాగితం మీద అబద్ధం రాసిన మనిషి అవుతుంది.

"చెప్పండి," అంది ఆఫీసరు. కలం తీసింది.

"ఈ చెట్టు నేను గీశాను. ఆరేళ్లు."

మాత్తుక్కుట్టి ముఖం విప్పారింది. ఆఫీసరు రాసుకుంది.

"కానీ ఇక్కడ కాదు. చేర్తలలో, మా అత్తగారి వాకిట్లో."

ఆఫీసరు కలం ఆగింది. ముందుగా మాట్లాడింది మాత్తుక్కుట్టే. గొంతు పెంచలేదు. "మేడమ్, పెద్దాయన. నెలన్నరగా చీకటిగదిలో ఉన్నాడు. ఒక కొబ్బరిచెట్టుని ఇంకో కొబ్బరిచెట్టునుంచి వేరుగా గుర్తుపట్టడం ఎవరివల్లా కాదు. నలుగురు సంతకం పెట్టారు. ఆ నలుగురిలో ఈయన భార్య కూడా ఉంది."

ఆఫీసరు కాగితం తీసి చూసింది. "ఓమన. మీ భార్యేనా?"

"అవును."

"ఆమె ఇంటి చెట్టే అంటున్నారు. మరి ఆమె ఇక్కడిదే అని రాసింది."

పుష్కరన్ పడవ వైపు తిరిగాడు.

"నన్ను దించండి," అంది ఓమన పడవలోంచి.

తంపి కదల్లేదు. పుష్కరన్ ఒక్కడే పోయి పట్టుకున్నాడు. ఆమె అతని మెడమీద చెయ్యి వేసి, గట్టు రాళ్లమీద పిరుదులు ఆనించి, ఒక్కోరాయి ఎక్కుతూ వచ్చింది. చెట్టు దగ్గరికి చేరేసరికి పై పెదవి మీద చెమట పట్టింది. చెట్టు వెనక్కి వెళ్లి, తన భుజం ఎత్తున మానుని తడిమింది. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తడిమింది. చెయ్యి కిందికి జారిపోయింది.

"లేదు," అంది మెల్లగా. "మా చెట్టయితే ఇక్కడ మేకు ఉండాలి. బట్టల తాడు కట్టడానికి అమ్మ కొట్టిన మేకు. నా భుజం ఎత్తున. లేదు."

మాత్తుక్కుట్టి ఊపిరి వదిలాడు. "చూశారుగా మేడమ్."

పుష్కరన్ మొదటి మెట్టు వంక చూశాడు. నేలకి ఆనుకున్న మెట్టు. "కింద చూడు ఓమనా," అన్నాడు. "పడిపోకుండా లోతుగా పాతారు."

ఓమన అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో పుష్కరన్‌కి మొన్నటినుంచి కావలసిన జవాబు దొరికింది. ఆమెకి తెలియదు. తెలుసుకోవడం ఇష్టంలేక ఊరుకుంది, అంతే.

చెట్టు పట్టుకుని కిందికి వంగింది. మోకాలు మడత పడలేదు. పళ్లు బిగించి మళ్లీ వంగింది. ఈసారి మోకాలు నేలకి తగిలింది, ఆమె నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. రెండు చేతులతో మాను చుట్టూ తడిమింది. మోకాలి ఎత్తున ఒకచోట చెయ్యి ఆగింది. బొటనవేలితో తుప్పు గీకింది. తలలేని లావుపాటి మేకు, ఒకవైపుకి వంగి ఉంది.

"అమ్మకి సుత్తి పట్టుకోవడం రాదు," అంది. "వంకరగా కొట్టింది."

ఆఫీసరు వచ్చి పక్కనే గొంతుక్కూర్చుంది. సంచీలోంచి టేపు తీసి నేలనుంచి మేకు దాకా కొలిచింది. ఓమన లేచి నిలబడ్డాక, ఆమెని అడిగి, నేలనుంచి భుజం దాకా కొలిచింది. రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసింది. తర్వాత తలెత్తకుండా, "గీసిన చెట్లంటున్నారుగా," అని మాత్తుక్కుట్టిని అడిగింది, "ఎక్సైజువాళ్లు నంబరు వేసిన కాగితాలు ఉండాలి. ఈ సర్వే నంబరు మీద ఉన్నాయా?"

మాత్తుక్కుట్టి ఫోను వైపు చూశాడు. "వెతికించాలి."

"నిన్న నేను వెతికించాను," అంది ఆఫీసరు. "ఈ నేలమీద గీత చెట్టు ఒక్కటీ లేదు. ఎప్పుడూ లేదు. కానీ అది కాగితం మాట. మనిషి మాట కూడా కావాలి కదా అని వచ్చాను."

ఓమన ఇంకా మానుకి ఆనుకునే ఉంది. "నాకు రోడ్డు కావాలి మేడమ్," అంది. "ఇప్పటికీ కావాలి. అది కూడా రాసుకోండి. కానీ ఇది మా అమ్మ చెట్టు. నా సంతకం కొట్టెయ్యండి."

ఆఫీసరు సంతకం కొట్టెయ్యలేదు. దాని పక్కన ఓమన ఇప్పుడు చెప్పిన మాటలు రాసి, మళ్లీ సంతకం పెట్టించుకుంది. పంచనామా అంతా గట్టిగా చదివి వినిపించింది. ఎర్రమట్టి, నల్లమట్టి, తెల్లఇసుక, మెట్టు, మేకు. రోడ్డు కూడా చదివింది. "తేల్చేది పైవాళ్లు," అంది మాత్తుక్కుట్టితో. "నా నుంచి మాత్రం ఇది ఇలాగే వెళ్తుంది. ఉత్తర్వు వచ్చేదాకా చెట్టు తియ్యకూడదు, మట్టి వెయ్యకూడదు."

మాత్తుక్కుట్టి అందరికీ తల ఊపి పడవ దగ్గరికి వెళ్లాడు. పుష్కరన్ పక్కనుంచి పోతూ, "మంచిది చేట్టా," అన్నాడు. తంపి, మేస్త్రీ అతని వెనకే వెళ్లి పడవెక్కారు, మిగతా చెట్లు కొలుస్తున్న ఆఫీసరు కోసం పడవ అక్కడే ఆగింది. లీలామణిని ఎవరూ పిలవలేదు.

ఆమె చాలాసేపు మిట్ట అంచున నిలబడింది. తర్వాత వచ్చి పుష్కరన్ పడవలో వాళ్లిద్దరికీ వీపు పెట్టి కూర్చుంది. ఇంటికి వెళ్లడానికి వేరే పడవ లేదు.

"నీ చెట్టు నీకు దొరికింది ఓమన చేచ్చీ," అంది నీళ్లని చూస్తూ. "నాకేం దొరికింది?"

ఓమన మోకాలు రుద్దుకుంది. మొగ దగ్గర కొత్త రాళ్లకీ అవతలి గట్టుకీ మధ్య సందు సన్నగా మిగిలింది. కాలువ నీళ్లన్నీ ఆ సందులోంచే తోసుకుంటూ సరస్సులోకి పోతున్నాయి. ఎదురు తోస్తుంటే పుష్కరన్ గెడ రెండుసార్లు జారింది. మూడోసారి లీలామణి వెనక్కి తిరగకుండానే తెడ్డు తీసుకుని వెయ్యడం మొదలుపెట్టింది.

ఇంటి మెట్టు దగ్గర పడవ ఆగింది. ఓమనని ఎత్తడానికి ఇద్దరు కావాలి. పుష్కరన్ ఒకవైపు పట్టుకుని ఆగాడు. లీలామణి చీరకొంగు నడుములో దోపి రెండోవైపు వచ్చి చంక కింద చెయ్యి పెట్టింది.

"ఎత్తుతున్నానని క్షమించేశాననుకోకండి," అంది.

"అనుకోలేదు," అంది ఓమన.

ఎత్తి గుమ్మంలో కూర్చోబెట్టారు. లీలామణి వెంటనే వెళ్లిపోలేదు. పుష్కరన్ మధ్యాహ్నం గీతకి చెట్టెక్కాడు. పైకి పోయి కూర్చున్నాక కత్తి తియ్యలేదు, మొగ వైపు చూశాడు.

ఆఫీసరు గట్టు మీద ఒక్కతే నడుస్తోంది, చెప్పులు చేతిలో పట్టుకుని. ఆమె పక్కన నీళ్లలో మాత్తుక్కుట్టి పడవ పోతోంది. దాటిపోవడం లేదు, వెనకబడడం లేదు. ఆమె ఎంత వేగం నడిస్తే అంత వేగం. పడవలోంచి ఎవరో లేచి నిలబడి ఏదో చెబుతున్నారు. గట్టు మలుపు దగ్గర జమ్ము ఎత్తుగా ఉంది. ఆమె, పడవ దాని వెనక మరుగైపోయాయి.

"ఏం కనపడుతోంది?" అని కిందనుంచి ఓమన అడిగింది.

"మలుపులో ఉన్నారు."

"పడవెక్కిందా?" ఈసారి అడిగింది లీలామణి.

పుష్కరన్ మెడ చాచాడు. పొత్తి పక్కనే కుండ ఖాళీగా ఊగుతోంది. మలుపు అవతల ముందు పడవ ముక్కు బయటికి వచ్చింది, తర్వాత పడవంతా వచ్చింది. అతను ఎడమకన్ను మూసి కొత్తకంటితో చూశాడు. పడవలో ఇందాక ఎక్కిన ముగ్గురే ఉన్నారు. పడవ వేగం అందుకుని సరస్సులోకి తిరిగిపోయింది.

గట్టు ఖాళీగా ఉంది. చాలాసేపు ఖాళీగానే ఉంది.

"చేట్టా," అంది లీలామణి.

జమ్ము కదిలింది. ముందు చున్నీ కనిపించింది, తర్వాత భుజానికి సంచీ, చేతిలో చెప్పులు.

"నడుస్తోంది," అన్నాడు పుష్కరన్. కత్తి తీసి పొత్తి కొనని పల్చగా చెక్కాడు.